ఇల్లు కట్టింది ఆమె

మాసాయిలు చెప్పుకునే పాత కథ ఒకటుంది. మొదట్లో ఆడవాళ్లకు కూడా సొంత మందలు ఉండేవట. మగవాళ్లవి ఆవులు. ఆడవాళ్లవి జింకలు, జీబ్రాలు, అడవిదున్నలు, ఏనుగులు. ఒక చోటి నుంచి ఇంకో చోటికి మకాం మార్చేటప్పుడు ఏనుగుల మీద సామాను వేసుకుని పోయేవాళ్లు. ఒకరోజు పొద్దున్నే ఓ జంతువును కోశారు. పిల్లలు మందను తోలుకుని మేతకు పోవాల్సిన వేళ అది. "మావాడు ఇప్పుడే పోడు, వాడికి మూత్రపిండం ముక్క పెట్టాలి" అంది ఒకావిడ. "అయితే మావాడూ పోడు" అంది ఇంకొకావిడ. ఎవరి పిల్లాడికి ముక్క దక్కాలన్న దాని మీద మాటా మాటా పెరిగింది. వీళ్ల గొడవ తెమిలేలోపు మందంతా పొదల్లోకి, అక్కణ్నుంచి అడవిలోకి పోయింది. మళ్లీ రాలేదు. ఆడవాళ్లు మగవాళ్ల మందల దగ్గరికి వెళ్లి వాళ్లతో ఉండిపోయారు. ఇప్పుడు మైదానంలో కనిపించే జింకలూ జీబ్రాలూ అన్నీ ఆడవాళ్లు పోగొట్టుకున్న పశువులేనట.

మాసాయి మౌఖిక సాహిత్యాన్ని సేకరించి 1983లో పుస్తకంగా తెచ్చిన నవోమీ కిపూరీ స్వయంగా మాసాయి స్త్రీ. ఆ పుస్తకం గురించి తెలిశాకే ఇలాంటి కథలు వెతుక్కుని చదవడం మొదలుపెట్టాను. ఈ కథ నాకు నచ్చలేదు. నచ్చకపోయినా వదల్లేదు. ఆడవాళ్లు పశువుల్ని పోగొట్టుకున్నది పిల్లాడికి ఓ ముక్క పెట్టాలన్న తాపత్రయంలో. దానికే శిక్షా? కథ చెప్పేవాళ్లు దీన్ని 'అందుకే ఆడదానికి పశువులు ఉండవు' అనడానికి వాడుకుంటారన్నది తెలుస్తూనే ఉంది. కానీ అదే కథలో ఇంకో మాట కూడా ఉంది కదా. ఒకప్పుడు ఉండేవి.

చరిత్రకారులు ఈ మధ్య నలభై ఏళ్లలో చెబుతున్నది దాదాపు అదే మాట. కాకపోతే ఏనుగుల గురించి కాదు. పాల గురించి, తోళ్ల గురించి, పన్ను రసీదుల గురించి.

నా ప్రశ్న చిన్నది. కెన్యా దక్షిణాన గానీ టాంజానియా ఉత్తరాన గానీ ఒక మాసాయి స్త్రీ మొగుణ్ని వదిలేసి, లేదా అతను వదిలేస్తే, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చిందనుకోండి. ఆమె వెంట ఏముంటుంది? ఏది తనదని అడగగలదు? ఇంటర్నెట్‌లో ఇలాంటి స్త్రీల గురించి వీడియోలు బోలెడున్నాయి. పూసలు కుట్టి పిల్లల్ని చదివించుకుంటున్న తల్లి, వెనకాల సంగీతం, చివర్లో విరాళానికి లింకు. అవి చూస్తే ఆమె వేల ఏళ్ల ఆచారాన్ని మొదటిసారి ఎదిరించినట్టు అనిపిస్తుంది. ఆ 'వేల ఏళ్లు' అన్న మాట దగ్గరే నాకు పేచీ.

ఇంటితో మొదలుపెడతాను. మాసాయి ఇల్లు, అంటే ఎన్‌కాజీ, కట్టేది ఆడవాళ్లు. కొమ్మలు నరికి తెచ్చేది వాళ్లే. వంచి, పాతి, అల్లి, పైన పేడా మట్టీ కలిపి మెత్తేది వాళ్లే. వానకు పైకప్పు కారితే రాత్రిపూట లేచి పేడ పూసేదీ వాళ్లే. ఇల్లు పొట్టిగా ఉంటుంది, లోపల నిటారుగా నిలబడలేం. మధ్యలో పొయ్యి, పక్కన తోలు పరిచిన పడకలు. 1974లో గ్రెనడా టెలివిజన్ కోసం తీసిన, మెలిస్సా లెవెలిన్-డేవిస్ పాలుపంచుకున్న 'మాసాయి విమెన్' అనే డాక్యుమెంటరీ చూసినప్పుడు మా అమ్మమ్మ వాళ్ల వాకిలి గుర్తొచ్చింది. పేడతో అలకడంలో చెయ్యి తిరిగే తీరు ఎక్కడైనా ఒకటేనేమో. అమ్మమ్మ ఆ ఇంటిని యాభై ఏళ్లు అలికింది. పట్టా తాతయ్య పేరున ఉండేది.

ఆ ఊళ్లో, అంటే ముళ్లకంప చుట్టూ వేసుకున్న ఎన్‌కాంగ్‌లో, మగవాడికంటూ వేరే ఇల్లు ఉండదు. అతనికి ముగ్గురు భార్యలుంటే మూడు ఇళ్లు, మూడూ భార్యలవే. అతను ఏ రాత్రి ఎవరింట్లో పడుకుంటే అక్కడ అతిథి లెక్క. పెళ్లైన కొత్తలో మొగుడు ఆమె ఇంటికి కొన్ని ఆవులు కేటాయిస్తాడు. ఆ ఆవుల పాలు ఆమెవి. ఎవరికెంత పొయ్యాలో, ఎంత దాచాలో, ఎవరికి అసలు పొయ్యకూడదో ఆమె ఇష్టం. తోళ్లు కూడా ఆమెవే. ఆ ఆవులు తర్వాత ఆమె కొడుకులకు పోతాయి, సవతి కొడుకులకు పోవు. కాబట్టి ఆమెను అడక్కుండా వాటిని అమ్మడం, ఇంకొకరికి ఇచ్చేయడం మొగుడికి తేలిక కాదు. ఆవు ఎవరిది అని అడిగితే ఇద్దరూ 'నాది' అనగలిగిన వ్యవస్థ. ఇద్దరి మాటా నిజమే.

మిగులు పాలు, తోళ్లు, మేకలు, గాడిదలు తీసుకుని ఆడవాళ్లు చుట్టుపక్కల వ్యవసాయం చేసే జాతుల దగ్గరికి వెళ్లి ధాన్యం, తేనె మార్చుకొచ్చేవాళ్లు. మగవాళ్లు కికూయులతో యుద్ధంలో ఉన్న రోజుల్లో కూడా ఈ ఆడవాళ్ల బేరం ఆగేది కాదు. వాళ్ల దారికి అడ్డుపడకూడదన్నది రెండు వైపులా ఒప్పుకున్న మాట. 1880ల నుంచి వరసగా పశువులకు ఊపిరితిత్తుల జబ్బు, ఆ తర్వాత ముసర, మనుషులకు మశూచి వచ్చి మాసాయి నేల వల్లకాడైపోయింది. ఆ కాలాన్ని వాళ్లు 'ఎముటాయ్' అంటారు, తుడిచిపెట్టుకుపోవడం అని. అప్పుడు చాలా కుటుంబాలు బతికింది పొరుగు రైతు జాతుల ఆశ్రయంలో. ఆ ఇళ్లతో ముందునుంచీ రాకపోకలున్నది ఆడవాళ్లకు.

మరి ఆ రోజుల్లో కాపురం కుదరకపోతే ఏం చేసేవాళ్లు? 'కిటాలా' అనే పద్ధతి ఒకటుంది. మొగుడు మరీ కొడుతున్నాడనో, పిల్లలకు పాలిచ్చే ఆవుల్ని తోలుకుపోయాడనో, ఆమె పుట్టింటికి వెళ్లి కూర్చుంటుంది. మన దగ్గర అలిగి పుట్టింటికి పోవడం లాంటిదే కానీ దీనికి గుర్తింపు ఉంది, పేరు ఉంది. పెద్దలు కూర్చుంటారు. మొగుడు వచ్చి బతిమాలుకోవాలి, తప్పు తనదైతే పరిహారం ఇచ్చుకోవాలి. చాలాసార్లు ఆమె తిరిగి వెళ్లేది. వెళ్లకపోతే ఓలిగా వచ్చిన పశువుల్లో ఎన్ని తిరిగివ్వాలో, పిల్లలు ఎక్కడుండాలో మాట్లాడుకునేవాళ్లు. పిల్లలు పుట్టాక తెగతెంపులు కష్టమే. ఓలి ఇచ్చినవాడే ఆ పిల్లలకు తండ్రి, ఆమె ఎక్కడున్నా సరే.

దీన్ని స్వర్ణయుగం అనడం లేదు. కొట్టడం ఉంది, బాల్యవివాహం ఉంది, పిల్లల మీద హక్కు మగవాడికే ఉంది. నేను చెప్పేదల్లా ఒకటే. ఆమె బయటికి నడిచినప్పుడు వెనక కొంత బలగం ఉండేది. పుట్టింట్లో తల్లి ఇల్లు ఉండేది, ఆ ఇల్లు తల్లిదే. చేతిలో బేరం చేయగల సరుకు ఉండేది. ఆడవాళ్లంతా కలిసి కదిలితే మగవాళ్లు భయపడే సందర్భాలూ ఉండేవి. సంతానానికి హాని కలిగించే పని ఏ మగవాడైనా చేస్తే ఊళ్ల ఆడవాళ్లు గుంపుగా వచ్చి అతన్ని కొట్టి, అతని పశువుల్ని కోసుకుతినేవాళ్లు. పెద్దలు చూస్తూ ఊరుకునేవాళ్లు. దేవుడి పేరు కూడా ఎన్‌కాయ్. మా భాషలో (మాసాయిల భాష పేరే 'మా', మనదని పొరబడకండి) 'ఎన్' అన్నది స్త్రీలింగ ప్రత్యయం.

ఇక తెల్లవాళ్ల కాగితాలు. 1904లో బ్రిటిష్ కమిషనర్ డొనాల్డ్ స్టీవర్ట్ మాసాయిలతో ఒక ఒప్పందం రాయించుకున్నాడు. రైల్వే లైను పక్కనున్న రిఫ్ట్ లోయ ఖాళీ చేసి, ఉత్తరాన లైకిపియాలో ఒకటి, దక్షిణాన ఒకటి, రెండు రిజర్వులకు పోవాలి. మాసాయి జాతి ఉన్నంతకాలం ఆ రెండూ వాళ్లవే. ఆ 'ఉన్నంతకాలం' ఏడేళ్లు నిలిచింది. 1911లో ఇంకో ఒప్పందం, లైకిపియా కూడా ఖాళీ చేయమని. తుపాకీ నీడలో వేల మంది, లక్షల పశువులతో దక్షిణానికి నడిచారు. పార్సలోయ్ ఓలె గిలిషో నాయకత్వంలో 1913లో కోర్టుకెక్కారు కూడా. ఇది రెండు రాజ్యాల మధ్య జరిగిన సంధి కాబట్టి విచారించే అధికారం మాకు లేదని కోర్టు కేసు కొట్టేసింది. నేల పోయింది గానీ సార్వభౌమత్వం మాత్రం మిగిలిందన్నమాట! లాట్ హ్యూజ్ రాసిన 'మూవింగ్ ద మాసాయి' (2006)లో ఈ కథంతా ఉంది. ఆ ఒప్పందాల కింద వేలిముద్రలు వేసినవాళ్లలో ఆడమనిషి ఒక్కరు లేరు. ప్రతి మకాంలో ఇళ్లు విప్పి, గాడిదల మీద వేసుకుని, మళ్లీ కట్టాల్సింది మాత్రం వాళ్లే.

అవతలి వైపు, టాంగన్యీకాలో, జరిగింది ఇంకా నిశ్శబ్దంగా జరిగింది. అమెరికన్ మానవశాస్త్రవేత్త డొరతీ హాడ్జ్‌సన్ అక్కడి పాత ఫైళ్లు తిరగేసి, ముసలివాళ్లతో ఏళ్ల తరబడి మాట్లాడి 2001లో 'వన్స్ ఇంట్రెపిడ్ వారియర్స్' అనే పుస్తకం రాసింది. ఆమె వాదన నన్ను నిజంగా కుదిపింది. బ్రిటిష్ అధికారులకు ప్రతి కుటుంబానికీ ఒక పెద్ద కావాలి, పన్ను కట్టడానికి. ఆ పెద్ద మగవాడే అవుతాడని వాళ్లు వేరే ఆలోచించకుండానే అనుకున్నారు. ఇద్దరు ముగ్గురు భార్యలున్నవాడు ఆ అదనపు భార్యల తరఫున కూడా పన్ను కట్టాలి. పన్ను నగదులో కట్టాలి. నగదు కావాలంటే పశువును అమ్మాలి. అమ్మకానికి సర్కారువారే సంతలు పెట్టారు, మగవాళ్లను పిలిచారు. ఇద్దరిదీ అయిన ఆవు సంతకు పోయి మగవాడి జేబులో డబ్బై తిరిగొచ్చింది. 'నా ఆవు' అన్న మాట అప్పటిదాకా ఇద్దరూ అనేవారు. ఇప్పుడు ఒక్కరికే రసీదు ఉంది.

దాంతోపాటు బేరం కూడా చేజారింది. రిజర్వు గీతల వల్ల రైతు జాతుల దగ్గరికి రాకపోకలు తగ్గాయి. లోపలి ఊళ్లలో దుకాణాలు వెలిశాయి. వాటిని స్వాహిలీలో 'దుకా' అంటారు, మన దుకాణమే. పెట్టినవాళ్లలో చాలామంది గుజరాతీలు. మొక్కజొన్నపిండి, చక్కెర, టీపొడి, పూసలు అన్నీ అక్కడ డబ్బుకే దొరుకుతాయి. పాలిచ్చి ధాన్యం తెచ్చుకున్న ఆడమనిషి ఇప్పుడు పిండి కోసం మొగుణ్ని డబ్బులడగాల్సి వచ్చింది. పెద్దల పంచాయితీలను 'నేటివ్ అథారిటీ' అని పేరు పెట్టి పాలనలో కలిపారు, అందులో మగవాళ్లే. ఆచారం ఏమిటని దొర అడిగితే చెప్పేది వాళ్లే. దొర రాసుకున్నదే ఆచారం.

స్వాతంత్ర్యం తర్వాత కూడా ఈ అలవాటు పోలేదు. 1960ల్లో కెన్యా జాతుల పెళ్లి, విడాకుల ఆచారాలను గ్రంథస్థం చేసే ప్రాజెక్టు నడిచింది. యూజీన్ కోట్రాన్ అనే న్యాయ పండితుడు పెద్దల బృందాల్ని కూర్చోబెట్టి అడిగి రాసుకున్నాడు. 1968లో పుస్తకం వచ్చింది. కిటాలాకు వచ్చి పుట్టింటి గుమ్మంలో కూర్చున్న ఆడమనిషి తన వైపు నుంచి ఆచారం ఏమిటో చెప్పి ఉంటే ఆ పుస్తకం ఎలా ఉండేదో.

ఇక్కడ కాస్త పక్కదారి పడతాను, ఎందుకంటే నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇదే. 1950ల నుంచి టాంజానియా మాసాయి ఆడవాళ్లకు ఒక జబ్బు రావడం మొదలైంది. పేరు 'ఒర్‌పెకో'. ఉన్నట్టుండి ఒళ్లు వణకడం, కేకలు, పడిపోవడం. పూనకమే. వచ్చేది ఆడవాళ్లకే. మాసాయి లైబోన్‌ల, అంటే మంత్రవైద్యుల, మందులేవీ పనిచేయలేదు. ఒకే ఒక్క మందు పనిచేసింది: చర్చిలో బాప్టిజం. అదీ అప్పుడే కాదు, ముందు నెలల తరబడి పాఠాలకు వెళ్లాలి, మిగతా ఆడవాళ్లతో కూర్చుని పాడాలి. ఇంటి పని, పాలు పితకడం పక్కనపెట్టి పోవాలి. మొగుడు వద్దంటే జబ్బు తిరగబెడుతుంది. చేసేదేం లేక పంపేవాళ్లు.

ఇందులో హాస్యం ఏమిటంటే, కాథలిక్ మిషనరీలకు కావలసింది మగవాళ్లు. యోధులూ పెద్దలూ క్రైస్తవులైతే జాతి మొత్తం అవుతుందని వాళ్ల లెక్క. బళ్లు పెట్టారు, ఊళ్లకు వెళ్లి పెద్దలతో చెట్ల కింద చర్చలు చేశారు. ఎంత చేసినా ఆదివారం పూట చూస్తే ముందు వరసలన్నీ ఆడవాళ్లే. హాడ్జ్‌సన్ తన రెండో పుస్తకానికి (2005) పెట్టిన పేరే 'ద చర్చ్ ఆఫ్ విమెన్'. ఇది మతమార్పిడి కథగా చదివినా, జబ్బు కథగా చదివినా నాకు తృప్తి కలగలేదు. సంతకూ పంచాయితీకీ దూరమైన ఆడవాళ్లు మొగుడి ఎన్‌కాంగ్ దాటి వారానికోసారి కలుసుకునే చోటు ఒకటి సంపాదించుకున్నారు. దానికి ఒళ్లే సాకు చెప్పింది. కావాలని నటించారని కాదు. మన ఊళ్లలో అమ్మవారు పూనినప్పుడు అత్తగారు కూడా చేతులు జోడించుకుని నిలబడడం చూసినవాళ్లకు దీని సంగతి విడమరచి చెప్పక్కర్లేదు. విడిపోయిన స్త్రీలకు తర్వాతి రోజుల్లో ఈ చర్చి గుంపులే చేబదులిచ్చాయి, పిల్లల్ని చూసుకున్నాయి.

ఆవుల తర్వాత నేల వంతు. మాసాయి నేల ఎవరిదీ కాదు, అందరిదీ. 1968లో కెన్యా ప్రభుత్వం గ్రూప్ రాంచ్‌ల చట్టం తెచ్చింది. ఒక్కో ప్రాంతాన్ని ఒక్కో సమూహం పేర రాసి, సభ్యుల జాబితా పెట్టారు. జాబితాలో ఎవరుంటారు? పన్ను రిజిస్టర్లలో ఎవరున్నారో వాళ్లే, కుటుంబ పెద్దలు. 1980ల నుంచి ఈ రాంచ్‌లను ముక్కలు చేసి సభ్యులకు విడివిడిగా పట్టాలిచ్చారు. కజియాడో నైరోబీని ఆనుకునే ఉంటుంది. నగరం పెరిగింది, ఎకరం ధర పెరిగింది, మగవాళ్లు అమ్ముకున్నారు. బేరం అయిపోయి కొత్త యజమాని కంచె వేయడానికి వచ్చినప్పుడు గానీ ఇంటావిడకు సంగతి తెలియని సందర్భాలెన్నో. నార్వే మానవశాస్త్రవేత్త ఔడ్ టాల్లె 1988లోనే కజియాడో మాసాయి స్త్రీల మీద రాసిన పుస్తకానికి 'విమెన్ ఎట్ ఎ లాస్' అని పేరు పెట్టింది. అప్పటికి పట్టాల పంపకం ఇంకా మొదట్లోనే ఉంది.

కోర్టుల సంగతి కొస్తే, ముందు టాంజానియా నుంచి ఒక కేసు. బీ హవా మహమ్మద్ అనే ఆమె మాసాయి కాదు. 1971 నాటి వివాహ చట్టం కింద విడాకుల తర్వాత ఆస్తిలో వాటా అడిగింది. ఇల్లు కొన్నది మొగుడి డబ్బుతో, ఆమె చేసింది వంట, ఇంటిపని. అదీ ఒక వాటాయేనా? అవునని 1983లో టాంజానియా అప్పీలు కోర్టు తేల్చింది. ఇంటిపని కూడా ఆస్తి కూడబెట్టడంలో భాగమే. కానీ ఆమెకు దక్కింది సున్నా. మొగుడు అంతకుముందు వ్యాపారానికని ఇచ్చిన డబ్బు ఆమె పాడు చేసిందని, తన వాటా అందులోనే అయిపోయిందని అదే కోర్టు అంది. ఆమె ఓడిపోయిన ఆ తీర్పు చూపించే తర్వాత ఎందరో ఆడవాళ్లు వాటా తెచ్చుకున్నారు.

కెన్యాలో దారి ఇంకా పొడుగు. 1972 నాటి వారసత్వ చట్టం 1981లో అమల్లోకి వచ్చింది. కొడుకులూ కూతుళ్లూ సమానమే అంది. అయితే 32, 33 సెక్షన్లలో ఒక మెలిక పెట్టారు. కొన్ని జిల్లాల్లో వ్యవసాయ భూమికీ పశువులకూ ఈ చట్టం వర్తించదు, అక్కడి ఆచారమే చట్టం. ఆ జిల్లాల్లో నారోక్, కజియాడో ఉన్నాయి. భూమీ పశువులూ తీసేస్తే మాసాయిల ఆస్తి ఇంకేం మిగులుతుంది? కుండలూ సొరకాయ బుర్రలూ.

2008లో లెరియోంకా ఓలె ంటుటు ఆస్తి కేసు వచ్చింది. నారోక్‌లో పేరున్న పెద్ద కుటుంబం, చాలామంది భార్యలు, చాలామంది పిల్లలు. కూతుళ్లు వాటా అడిగారు. మాసాయి ఆచారంలో కూతుళ్లకు వాటా లేదని, మీరు వేరే ఇంటికి పోయేవాళ్లని కొడుకుల వాదన. తీర్పు రాసింది జస్టిస్ కల్పనా రావల్, గుజరాత్‌లో పుట్టి కెన్యాకు వెళ్లిన న్యాయవాది, తర్వాత ఆ దేశపు ఉప ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కూతుళ్లకు హక్కు ఉంది అన్నారు. స్త్రీల పట్ల వివక్ష నిర్మూలనకు ఐక్యరాజ్యసమితి చేసిన ఒప్పందాన్ని ఉదహరించారు. న్యాయానికీ నీతికీ విరుద్ధమైన ఆచారం చెల్లదన్న సూత్రాన్నీ ఆశ్రయించారు. ఆ సూత్రం తెల్లవాళ్లు పెట్టి పోయినదే. ఏ ప్రభుత్వం ఫైళ్లలో మగవాడి పెత్తనం ఆచారంగా గడ్డకట్టిందో, ఆ ప్రభుత్వం వదిలి వెళ్లిన వాక్యంతోనే దాన్ని పగలగొట్టాల్సి వచ్చింది. 'మీరు వేరే ఇంటికి పోయేవాళ్లు' అన్న వాదన మాత్రం మనకు కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి అమల్లోకి వచ్చినప్పుడు, ఆ తేదీకి ముందే పెళ్లైపోయినవాళ్లను బయటే ఉంచింది. మా పిన్ని ఒకావిడ ఆ తేదీని ఇప్పటికీ తన పెళ్లిరోజు కంటే బాగా గుర్తుపెట్టుకుంది.

పెళ్లిళ్ల చట్టం బిల్లు 1976లో, 1979లో కెన్యా పార్లమెంటులో వీగిపోయింది. చివరికి 2010 రాజ్యాంగం 45వ అధికరణంలో పెళ్లప్పుడూ, కాపురంలోనూ, విడిపోయేటప్పుడూ ఇద్దరూ సమానమని రాశాక, 2014లో వివాహ చట్టం వచ్చింది. 2013 నాటి దంపతుల ఆస్తి చట్టం ఇంటిపని, పిల్లల పెంపకం, పొలం పని అన్నీ వాటా కిందే లెక్క అంది. భూమి అమ్మాలంటే భార్య సమ్మతి ఉండాలన్న నిబంధన 2012లోనే వచ్చింది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు మాత్రం సమానత్వం అంటే ఆటోమేటిగ్గా సగం అని కాదు, ఎవరెంత చేశారో రుజువు చేసుకోవాలి అని స్పష్టం చేసింది. ఆ కేసులో భార్యకు సగం నిలబడింది, అది వేరే విషయం. ముప్పై ఏళ్లు పాలు పితికిన చేతికి రుజువు ఎక్కణ్నుంచి వస్తుంది? పన్నుకు రసీదు ఉంటుంది, పట్టాకు నంబరు ఉంటుంది. పాలకు ఏముంటుంది?

సరే, ఇప్పుడు ఆమె బయటికి వచ్చింది. కిటాలాకు వెళదామంటే పుట్టిల్లు కూడా మారిపోయింది. తండ్రి రాంచ్ ముక్కలై అన్నదమ్ముల పేర పట్టాలయ్యాయి. పశువులు 2009 కరువులో సగం పోయాయి. 2020 చివరి నుంచి వరసగా ఐదు వానకాలాలు మొహం చాటేస్తే మిగిలినవీ పోయాయి. ఓలి పశువులు తిరిగివ్వడానికి అన్నకు పశువులేవి? వదినకు ఈమె అదనపు నోరు. అందుకే ఈ రోజుల్లో విడిపోయిన మాసాయి స్త్రీ నడిచేది పుట్టింటికి కాదు, రోడ్డు పక్క చిన్న పట్నానికి. రేకుల గది అద్దెకు తీసుకుంటుంది. ఒకరి దగ్గర పాలు కొని ఇంకొకరికి అమ్ముతుంది. చక్కెర, నశ్యం పొట్లాలు కట్టి అమ్ముతుంది. టూరిస్టులు తిరిగే దారైతే పూసలు. ఆ పూసల గురించి ఒక మాట: మాసాయి సంప్రదాయానికి గుర్తుగా ప్రపంచమంతా చూసే ఆ రంగుల గాజు పూసలు పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా నుంచి వర్తకుల వెంట వచ్చినవి. సంప్రదాయం పేరుతో అమ్ముతున్నది కూడా ఒక పాత దిగుమతే. అమ్మేటప్పుడు మధ్యవాడి వాటా పోగా ఆమెకు మిగిలేది కొద్ది.

గాడిద ఉంటే బతుకు కొంచెం నయం. నీళ్లు మోసి అమ్ముకోవచ్చు. గాడిద ఎప్పుడూ ఆడవాళ్ల లెక్కలోనే ఉండేది, మగవాళ్లు దాన్ని పశువు కింద లెక్కపెట్టేవాళ్లు కాదు కాబట్టి. 2016 నుంచి చైనా మందుల కోసం గాడిద తోళ్లకు గిరాకీ వచ్చి కెన్యాలో కబేళాలు తెరిచారు. రాత్రికి రాత్రి గాడిదలు మాయం. విలువ వచ్చాక దొంగలొచ్చారు. గోల ఎక్కువై ప్రభుత్వం 2020లో నిషేధం ప్రకటించింది.

ఆమెను నిలబెట్టేది ఎక్కువగా 'చామా'. పది పదిహేను మంది ఆడవాళ్ల పొదుపు గుంపు, మన డ్వాక్రా సంఘం లాంటిది. 2007లో ఎం-పెసా వచ్చాక డబ్బు ఫోన్లో ఉంటోంది. చాలామందికి సొంత పేరు మీద ఉన్న మొదటి ఆస్తి ఆ సిమ్ కార్డే. లొలియోండో వైపు మాండా ంగోయిటికో వంటి మాసాయి స్త్రీలు 1997లో మొదలుపెట్టిన పాస్టోరల్ విమెన్స్ కౌన్సిల్, భర్తలు పోయిన, వదిలేసిన ఆడవాళ్ల కోసం ఉమ్మడి ఎన్‌కాంగ్‌లు కట్టించింది. ఆవులు అక్కడి ఆడవాళ్లవి. ఉత్తర కెన్యాలో మాసాయిల బంధుజాతి సంబూరులలో రెబెకా లొలొసోలి 1990లో పదిహేను మంది స్త్రీలతో పెట్టిన ఉమోజా ఊరు గురించి మీలో చాలామంది చదివే ఉంటారు, మగవాళ్లు లేని ఊరు అని. దాని గురించి రాసేవాళ్లు ఎప్పుడూ 'లేని' అన్న మాట దగ్గరే ఆగిపోతారు. నాకు ఆసక్తి కలిగించేది 'ఊరు' అన్న మాట. విడిపోయినవాళ్లు పాత పద్ధతినే తీసుకున్నారు. ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకున్నారు, చుట్టూ ముళ్లకంప వేశారు.

ఒక్క విషయం మాత్రం ఇవేవీ తీర్చలేదు. కూతురి పెళ్లి. పదమూడేళ్ల పిల్ల తల్లి దగ్గర ఉండి బడికి పోతుంటుంది. తండ్రి దూరంగా ఉంటాడు, ఫీజు కట్టడు, అయినా పిల్లకు సంబంధం కుదిర్చే హక్కు, ఓలి పశువులు తీసుకునే హక్కు ఆచారం ప్రకారం అతనివే. చట్టం ప్రకారం కావు. ఈ రెండింటి మధ్య దూరాన్ని కొలవడానికి తల్లి రాత్రిపూట పిల్లను తీసుకుని స్టేషన్‌కో, చర్చి హాస్టల్‌కో, పొరుగు చామా సభ్యురాలి ఇంటికో నడుస్తుంది. పూసలమ్మి పిల్లల్ని చదివించుకోవడం అని వీడియోలో ఒక్క ముక్కలో తేల్చేసేది ఈ నడకనే.

మళ్లీ ఇంటి దగ్గరికి. ఇప్పుడు కజియాడోలో, నారోక్‌లో కాస్త డబ్బున్నవాళ్లు ఎన్‌కాజీలు కట్టడం లేదు. రాయి, సిమెంటు, పైన రేకు. రేకును స్వాహిలీలో 'మబాతి' అంటారు. ఆ ఇల్లు కట్టేది మేస్త్రీ, మగవాడు. డబ్బు ఆవును అమ్మగా వచ్చింది, కాబట్టి మొగుడిది. స్థలం పట్టా అతనిది. చెయ్యి చాచితే కప్పు తగిలే పాత ఇంట్లో ఆమె యజమానురాలు, నిటారుగా నిలబడగలిగే ఈ కొత్త ఇంట్లో కాదు. కెన్యా మధ్య కొండల్లో కికూయు ఆడవాళ్లు 1960లు, 70ల్లో గుంపులుగా డబ్బు వేసుకుని, వంతులవారీగా ఒక్కొక్కరి ఇంటికి రేకులు కప్పించుకునేవాళ్లు. వాటికి మబాతి సంఘాలని పేరు. యుద్ధకాలంలో కూడా ఏ ఆడవాళ్లతో మాసాయి ఆడవాళ్లు తోళ్లూ పాలూ ఇచ్చి ధాన్యం మార్చుకొచ్చారో, వాళ్ల మనవరాళ్లే వీళ్లు. ఇప్పుడు మాసాయి పట్నాల్లో చామాలు చేస్తున్నదీ అదే. వంతు వచ్చినావిడ రేకులు కొంటుంది. రసీదు మీద తన పేరే రాయమంటుంది. మడతపెట్టి దాచుకుంటుంది.